గోడకు పెట్టిన నీళ్లు

అనగనగా ఒక అడవిలో, కొండ వాలు కింద, ఒక ముంగిసల జంట కాపురం ఉండేది. మగడి పేరు సింగయ్య, పెళ్లాం పేరు మంగమ్మ. వాళ్లకు చెప్పుకోదగ్గ ఇల్లు లేదు. ఒక పాత బొరియలో తలదాచుకునేవాళ్లు. కిందటి వానాకాలం ఆ బొరియ నిండా నీళ్లు వచ్చి, పాపం ఇద్దరూ చెట్టు కొమ్మ మీద తడుస్తూ కూర్చున్నారు. ఇప్పుడు మంగమ్మ కడుపుతో ఉంది. పుట్టబోయే పిల్లలను కొమ్మ మీద పెట్టి పెంచలేం కదా? అందుకని తొలకరి లోపల ఇటుకల ఇల్లు కట్టుకోవాలని నిశ్చయించుకున్నారు.

ఆ అడవిలో గోడ కట్టడం తెలిసినవాడు ఎర్రన్న మేస్త్రి ఒక్కడే. అతనొక ముళ్లపంది. చేతిలో పనితనం ఉంది, నోట్లో ఓపిక లేదు. చెప్పింది మళ్లీ చెప్పమంటే ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకునేవి. అందుకే ఎవరూ అతణ్ణి రెండోసారి అడిగేవాళ్లు కాదు. మన సింగయ్య అయితే మొదటిసారి కూడా అడిగేవాడు కాదు. ఎవరేం చెప్పినా గంగిరెద్దులా తల ఊపేవాడు. తెలియదని చెప్పడం అతనికి మహా నామోషీ.

మంగమ్మ అలా కాదు. పని మొదలుపెట్టిన రోజున మేస్త్రి ఇటుకలను నీళ్లలో నానబెట్టమన్నాడు. సింగయ్య తల ఊపాడు. మంగమ్మ మాత్రం, పప్పు నానబెడతాం గానీ ఇటుకలు నానబెట్టడం ఏమిటి మామా అని అడిగింది. ముళ్లు లేచాయి. అయినా వట్టి మనిషి కాదు కదా అని మేస్త్రి కాస్త తగ్గాడు.

"పొడి ఇటుకకు దాహం ఎక్కువమ్మా. సున్నంలో ఉన్న తడంతా అదే తాగేస్తుంది. అప్పుడు సున్నం పట్టు చిక్కక పిండిలా రాలిపోతుంది" అన్నాడు.

పునాది రాళ్లు నేలకంటే అంత ఎత్తు ఎందుకని కూడా ఆమే అడిగింది. నేలలోని చెమ్మ గోడ ఎక్కకుండా ఉండటానికని మేస్త్రి చెప్పాడు. ఆమె అడగబట్టి సింగయ్యకూ ఆ రెండు విషయాలు తెలిశాయి. గోడలు సగం లేచేసరికి మంగమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఇక అడిగేవాళ్లు లేరు.

గోడలు పూర్తయ్యాయి. మేస్త్రికి కొండ అవతల ఉన్న చెల్లెలి ఊరికి వెళ్లే పని పడింది. సంచి భుజాన వేసుకుని, వెళుతూ వెళుతూ ఒక మాట చెప్పాడు.

"అల్లుడూ, గోడకు మూడు పూటలా నీళ్లు పెట్టు. నేను వచ్చాక కప్పు వేద్దాం."

గోడకు నీళ్లు పెట్టడం ఏమిటో సింగయ్యకు అర్థం కాలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది. మేస్త్రి ముళ్ల వైపు చూసి మాట మింగేశాడు.

"ఆ మాత్రం తెలియదా మామా" అన్నాడు.

తెలిస్తే ఈ కథ ఎందుకు చెప్తాను, పిల్లలూ? సింగయ్య బాగా ఆలోచించాడు. పశువులకు నీళ్లు పెట్టడమంటే తొట్టిలో పోసి ముందు పెట్టడమే. ఇటుకకు దాహం ఎక్కువని మేస్త్రి అననే అన్నాడు. ఇంకేం, గోడకూ అంతే అనుకున్నాడు. ఒక కుండ నిండా నీళ్లు తెచ్చి గోడ ఎదురుగా పెట్టాడు. మర్యాదగా రెండడుగులు వెనక్కి జరిగాడు కూడా. సాయంత్రం వచ్చి చూస్తే కుండ ఖాళీ. అది కంజు పిట్టలు చేసిన పని. సింగయ్య మాత్రం, మా గోడ ఎంత బాగా తాగుతోందో అని మురిసిపోయాడు.

అసలే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు. పచ్చి గోడ నెర్రెలు బారింది. దాహం తీరలేదేమోనని సింగయ్య ఇంకా పెద్ద కుండ పెట్టాడు. తరువాత ఇటుకల సందుల్లోంచి సున్నం పొడిపొడిగా రాలింది. చప్పిడి నీళ్లు తాగి తాగి మొహం మొత్తిందేమోనని బెల్లం కలిపి పానకం పెట్టాడు. చీమలకు పండగే పండగ. చివరికి ఒకనాడు ఒళ్లు దురద పెట్టి వీపు గోడకు రుద్దుకున్నాడు. ఒక ఇటుక ఊడి కాళ్ల దగ్గర పడింది.

సరిగ్గా అప్పుడే పుట్టింటి నుంచి కాకితో కబురు వచ్చింది. మంగమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారట. తల్లీ పిల్లలూ క్షేమం. పది రోజుల్లో బయలుదేరుతారట.

సింగయ్యకు సంతోషంతోపాటు గుండెల్లో రాయి పడింది. గబగబా ఊడిన ఇటుకను దాని సందులోకి నెట్టాడు. నెర్రెల్లో బంకమట్టి పూడ్చాడు. పైన తెల్లగా సున్నం కొట్టాడు. దూరంగా నిలబడి చూస్తే గోడ కొత్త పెళ్లికూతురిలా ఉంది. హమ్మయ్య అనుకుని, పిల్లల ఉయ్యాల ఎక్కడ కట్టాలా అని చుట్టూ చూశాడు. ఎలా చూసినా ఆ గోడ పక్కనే కట్టాలి. వాన పడి, గోడ తడిసి, రాత్రిపూట కూలితే? తన నామోషీ కంటే ఆ భయమే పెద్దదైంది. కుంచె అక్కడే పారేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో కొండ దాటి పరుగెత్తాడు.

మేస్త్రి చెల్లెలి ఇంటి అరుగు మీద కూర్చుని దుంపలు తింటున్నాడు.

"మామా, గోడకు నీళ్లు పెట్టడం అంటే ఏమిటి? నాకు తెలియదు. ఆ రోజు కూడా తెలియదు" అన్నాడు సింగయ్య.

మేస్త్రి ముళ్లు లేచాయి. "మరి ఇన్నాళ్లూ ఏం చేశావు?"

"కుండతో ఎదురుగా పెట్టాను. రోజూ తాగింది కూడా."

ముందు మేస్త్రి చెల్లెలు నవ్వింది. తరువాత మేస్త్రి కూడా నవ్వబోయాడు. సింగయ్య మొహం చూసి ఆగిపోయాడు. లేచిన ముళ్లు మెల్లగా ఒంటికి అంటుకున్నాయి.

"తప్పు నీ ఒక్కడిదీ కాదు అల్లుడూ. నువ్వు అడగలేదు నిజమే. అడగనిచ్చేలా నేనూ లేను" అన్నాడు. దుంపలు అక్కడే వదిలేసి లేచాడు.

ఇద్దరూ కలిసి, పిండైపోయిన గోడంతా విప్పారు. ఇటుకలు గీకి శుభ్రం చేసి, మళ్లీ నానబెట్టి, మళ్లీ కట్టారు. ఈసారి మేస్త్రి మాటతో సరిపెట్టలేదు. సొరబుర్రతో నీళ్లు ముంచి, గోడ తల మీద నుంచి అడుగు దాకా కారేలా పోసి చూపించాడు. తడి గడ్డి చాపలు కప్పాడు. మట్టిగోడ ఎండితే గట్టిపడుతుందని, సున్నపు గోడ మాత్రం చాలా రోజులు తడిగా ఉంటేనే గట్టిపడుతుందని చెప్పాడు. పడమటి ఎండ తగిలే వైపు ఇంకాస్త ఎక్కువ తడపమన్నాడు. సింగయ్య తల ఊపబోయి, ఆపుకుని, ఎన్నాళ్లు తడపాలి మామా అని అడిగాడు. కప్పు వేసి, వానలు మొదలయ్యేదాకా అన్నాడు మేస్త్రి. అతని ముళ్లు కదలలేదు.

మంగమ్మ పిల్లలతో వచ్చేసరికి ఇల్లు ఇంకా తడిగానే ఉంది. ఇల్లు సిద్ధంగా ఉంటుందన్నావు కదయ్యా అని ఆమె నిలదీసింది. సింగయ్య ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ కుండ సంగతి, పానకం సంగతి అంతా చెప్పేశాడు. మంగమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆ గోడ కింద మన పిల్లలను పడుకోబెట్టలేదు, అదే పదివేలు అంది. తను కూడా ఒక సొరబుర్ర అందుకుంది.

ఆ ఏడు తొలకరి కాస్త ఆలస్యంగా వచ్చింది. వస్తూనే కుండపోతగా కురిసింది. కొత్తగా వేసిన కప్పు కింద ముగ్గురు పిల్లలూ ఉయ్యాలలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. సింగయ్య లేచి, వీపు ఆనించి గోడను గట్టిగా నెట్టి చూశాడు. గోడ ఇసుమంతైనా కదలలేదు. వచ్చి మంగమ్మ పక్కన హాయిగా పడుకున్నాడు.

నీతి: తెలియనిదానికి తెలిసినట్టు తల ఊపితే కట్టిన గోడ కూడా నిలవదు. వినేవాడు అడిగి తెలుసుకోవాలి, చెప్పేవాడు అడగనివ్వాలి.