నిండే అనే చలివేంద్రం

అనగనగా, మబ్బులు కూడా ముఖం చాటేసే ఒక ఎర్రమట్టి బయలు. దాన్ని దాటాలంటే పొద్దంతా నడవాలి. నీడకు చెట్టు లేదు, గొంతు తడుపుకోవడానికి చెలమ లేదు. బాటసారులు దాహంతో పడిపోతున్నారని విని పట్నంలోని రత్నశ్రేష్ఠి అనే వర్తకుడి మనసు కరిగింది. ఆ బయలు నడుమ ఒక చలివేంద్రం పెట్టించాడు.

పెద్ద పందిరి, దాని కింద వరసలుగా బానలు. దూరపు ఏటి నుంచి ఎడ్లబండ్లు నీళ్లు తెచ్చి పోసేవి. అడిగినవాళ్లకు అడిగినన్ని నీళ్లు, ఒక్క కాసు పుచ్చుకునేది లేదు.

దాని అధికారి రుద్రప్ప. మనిషి చెడ్డవాడేం కాదు గాని, కొరత అన్న మాట వింటే ఒంటి మీద తేలు పాకినట్టు ఎగిరిపడేవాడు. సందెవేళ డప్పు మోగగానే పనివాళ్లంతా వచ్చి ఆయన ముందు నిలబడాలి. ఆయన బానల వైపు చూపించి "నిండేనా?" అంటాడు. వాళ్లు "నిండే అయ్యా" అనాలి. కాదన్నవాడికి ఆ వారం కూలి లేదు, పైగా మర్నాడు ఎండలో నిలబడాలి.

కొత్తగా చేరినవాళ్లకు నేర్పేదీ అదే. బానకు పగులు ఎక్కడుందో చూడటం నేర్పరు, కారుతుంటే ఏం చెయ్యాలో నేర్పరు. "నిండే అయ్యా" అని తల వంచి ఎంత వినయంగా అనాలో మాత్రం పలికించి పలికించి నేర్పేవారు. చక్కని చదువే కదూ?

చెంగమ్మ ఆ చదువే చదివి పనిలో చేరింది. వెనక వరస ఆమెది. ఒకనాడు మూత తీస్తే బాన అడుగు కనిపించింది. పగులులోంచి నీళ్లన్నీ ఇసుకలోకి ఇంకిపోయాయి. ఆ సందె చెప్పేద్దామనే వచ్చింది. కాని ఆమె కంటే ముందు ఓబయ్య అనే పెద్దాయన "రెండు బానలు కారిపోయాయయ్యా" అన్నాడు. అంతే, రుద్రప్ప అతని కూలి ఆపించి, మర్నాడు ఎండలో నిలబడమన్నాడు. చెంగమ్మ వంతు రాగానే "నిండే అయ్యా" అనేసింది. మర్నాడు ఓబయ్య ఎండలో నిలబడి నిలబడి సొమ్మసిల్లి పడిపోయాడు.

కొన్నాళ్లకు ఆమె వరసంతా ఖాళీ అయింది. భయం పట్టలేక పక్క వరస గంగులుతో గుసగుసగా చెప్పుకుంది.

"గట్టిగా అనకమ్మా," అన్నాడు గంగులు అటూ ఇటూ చూసి. "నావీ అంతే. వెనక వరసలన్నీ అంతే. ముందు వరసలో నీళ్లున్నాయిగా, వచ్చే నలుగురికీ అవి చాలు. నోరు మూసుకుని బతుకు."

ఆ మాటతో ఆమె భయం రెండింతలైంది. అన్నం కూడా సయించలేదు.

అప్పుడొచ్చాడు ఒక ఊరి పెద్ద, పరుగు పరుగున.

"కరువొచ్చి మా ఊరు ఊరంతా తరలిపోతోందయ్యా. పసిపిల్లలున్నారు, బాలింతలున్నారు. మీ దగ్గర నీళ్లుంటే రేపు ఈ బయలు మీదుగా వస్తాం. లేవంటే కొండవారగా చుట్టు తిరిగి పోతాం, అక్కడ బావులున్నాయి."

రుద్రప్ప మీసం దువ్వి డప్పు కొట్టించాడు. "నిండేనా?"

"నిండే అయ్యా," అన్నాడు ముందు వరసవాడు. "నిండే అయ్యా," అన్నాడు గంగులు, నేల చూపులు చూస్తూ.

చెంగమ్మ వంతు వచ్చింది. ఎండలో పడిపోయిన ఓబయ్య కళ్లలో మెదిలాడు. ఆ వెంటే, ఎన్నడూ చూడని పసిపిల్లలు మెదిలారు.

"నా వరసలో చుక్క లేదయ్యా."

రుద్రప్ప కళ్లు ఎర్రబడ్డాయి. "ఏమన్నావు?"

"ఎండలో నిలబెట్టండి, నిలబడతాను. ముందు మూతలు తీసి చూడండయ్యా. ఇటు వస్తే ఆ పిల్లలు బతకరు."

రుద్రప్ప విసవిసా వెనక వరసల్లోకి వెళ్లి ఒక మూత తీశాడు. ఖాళీ. ఇంకొకటి తీశాడు. ఖాళీ. మూడోది తీసి, అక్కడే చతికిలబడ్డాడు.

"నెలనెలా అంతా నిండుగా ఉందనే శ్రేష్ఠిగారికి రాసి పంపాను," అన్నాడు. "అందుకే ఆయన కొత్త బానలకు డబ్బు పంపలేదు. కొరత ఉందంటే ఈ కొలువు పోతుందని భయపడ్డాను."

అంటే ఎండకు భయపడి వీళ్లు, కొలువుకు భయపడి ఆయన, అందరూ కలిసి ఒక ఊరిని చంపబోయారన్నమాట.

రుద్రప్ప లేచి ఊరి పెద్దకు చేతులు జోడించాడు. "ఇటు రావద్దు. కొండవారగానే పొండి."

మర్నాడు దూరాన కొండవారగా దుమ్ము రేగడం కనిపించింది. ఊరు క్షేమంగా సాగిపోతోంది. చెంగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ రోజే రుద్రప్ప వర్తకుడికి ఉన్నదున్నట్టు రాశాడు. వర్తకుడు కోప్పడ్డాడు, కొత్త బానలూ పంపాడు. ఓబయ్యకు ఆగిన కూలి ముట్టింది, కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యతా దక్కింది. ఇక సందెవేళ రుద్రప్పే ముందుగా తన పనిలో కొరత చెప్పుకుని, ఆ తర్వాత మిగతావాళ్లను అడిగేవాడు.

కొరత చెప్పినవాణ్ణి దండించే చోట కొరత తీరదు పిల్లలూ, ప్రాణం మీదికి వచ్చేదాకా దాక్కుంటుంది.