గడ్డం కింద రెండు వేళ్ళు

రోగం నయమైంది గానీ, రెడ్డెప్ప తీసే ఫోటోల్లోంచి మనుషులు వెళ్ళిపోయారు.

క్షయ వచ్చి నెలల తరబడి మంచం పట్టాడు. ఆసుపత్రిలో అతనికి వేరే గది, వేరే కంచం, వేరే గ్లాసు. మందుల వాడకం పూర్తయ్యాక డాక్టరు పరీక్షల కాగితాలు చూసి, "ఇక నీ నుంచి ఎవరికీ అంటుకోదయ్యా. ఎండాకాలం వచ్చింది, ఎక్కడికైనా పోయి తిరిగి రా" అన్నాడు.

ఆ మాటతో రెడ్డెప్పకు రెక్కలొచ్చాయి. కెమెరా భుజాన వేసుకుని హార్సిలీ కొండ ఎక్కాడు. తలకోనలో జలపాతం కింద తల పెట్టాడు. గండికోట అంచున కూర్చుని పొద్దు గుంకేదాకా లోయను చూశాడు. గుండెల నిండా గాలి పీల్చినా దగ్గు రాలేదు. అదే అతనికి పండగ.

సాయంత్రం ఫోటోలు చూసుకుంటే మాత్రం పండగ చల్లారిపోయేది. అన్నింటిలోనూ కొండలు, మబ్బులు, నీళ్ళు. మనుషులు కనిపించినా చీమలంత. కాకపోతే వీపులు.

ఎటూ తోచక, మదనపల్లెలో తనకు ఈ విద్య నేర్పిన దస్తగిరి ఉస్తాద్ దగ్గరికి బయల్దేరాడు.

ఉస్తాద్ స్టూడియోకి జనం రావడం మానేసి చాలా కాలమైంది. అయినా ఆయన పొద్దున్నే తలుపు తీసి, స్టూలు తుడిచి కూర్చుంటాడు. ఆ స్టూలు మీద కూర్చున్న వాళ్ళకు ఆయన ఏనాడూ దూరం నుంచి 'అటు తిరుగు, ఇటు తిరుగు' అని చెప్పి ఎరగడు. కెమెరా వదిలి దగ్గరికి వెళ్ళి, గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, మొహాన్ని వెలుతురు వైపు తనే తిప్పేవాడు. పెళ్ళికూతురైనా అంతే, మీసాల ఎస్సై గారైనా అంతే. రెడ్డెప్ప నేర్చుకున్న మొదటి పాఠం అదే.

"ఎవరూ, రెడ్డెప్పా? చిక్కిపోయినావు గదరా! గడప బయటే నిలబడినావేంది, పోస్టుమాన్ మాదిరి?"

రెడ్డెప్ప లోపలికి వచ్చి గోడవారగా కూర్చున్నాడు. ఉస్తాద్ స్టవ్ మీద టీ కాచాడు. రెడ్డెప్ప సంచిలోంచి సొంత గ్లాసు తీసి కింద పెట్టి, కాస్త వెనక్కి జరిగాడు. ఉస్తాద్ గ్లాసు వంక చూశాడు. అందులోనే టీ పోశాడు.

తరువాత కెమెరా అందుకుని ఒక్కో ఫోటో చూశాడు.

"ఈయమ్మ ఎవరు?"

"కొండ మీద మామిడికాయ ముక్కలు అమ్ముతాది ఉస్తాద్."

"కారం బాగా దట్టించి ఇచ్చిందా?"

"అంత దగ్గరికి పోలేదు."

ఉస్తాద్ తలాడించాడు.

"ఆసుపత్రి గదిలో ఎట్లుండెనో, ఇన్ని ఊర్లు తిరిగినా అట్లే ఉంది" అన్నాడు రెడ్డెప్ప. "పెళ్ళి ఫోటోలకు పిలిచినా పోలేకున్నా. ఇంక నాతో కాదు. కెమెరా అమ్మేద్దామని చెప్పేదానికే వచ్చినా."

"అమ్ముకో. అమ్మేముందు నా ఫోటో ఒకటి తీసి పో."

ఉస్తాద్ టోపీ పెట్టుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, వెలిసిపోయిన తెర ముందు స్టూలు మీద కూర్చున్నాడు. రెడ్డెప్ప పొడవాటి లెన్సు బిగించి, వెనక్కి వెనక్కి నడిచి, గడప దాటి వీధి మెట్టు మీద ఆగాడు.

"ఉస్తాద్, మొహం కొంచెం కిటికీ పక్కకు."

ఉస్తాద్ గోడ వైపు తిరిగాడు.

"అటు కాదు, ఇటు."

ఉస్తాద్ పైకప్పు చూశాడు.

"కిందికి, కిందికి!"

గడ్డం పోయి ఎదకు ఆనింది.

"అయ్యో, చిన్నపిల్లోళ్ళు నయం ఉస్తాద్!"

"ఇన్నేండ్లూ ఊరోళ్ళ మొహాలు తిప్పినోణ్ణి. నా మొహం తిప్పుకునేది నాకేం తెలుసురా?" అని మెడ ఇంకాస్త వంకర పెట్టాడు ఉస్తాద్.

రెడ్డెప్ప ఉసూరుమంటూ కెమెరాను మెట్టు మీద పెట్టి లోపలికి వచ్చాడు. చేయి చాస్తే అందేంత దూరంలో ఆగిపోయాడు. జేబురుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఉస్తాద్ కదల్లేదు.

రెడ్డెప్ప మెల్లిగా రెండు వేళ్ళు ఆయన గడ్డం కింద పెట్టాడు.

గరుకుగా మాసిన గడ్డం. దాని కింద వెచ్చటి చర్మం. మనిషి వెచ్చదనం ఇట్లా ఉంటుందని రెడ్డెప్ప మరిచేపోయాడు. ఆసుపత్రిలో అతన్ని ముట్టుకున్నవన్నీ రబ్బరు తొడుగుల చేతులే.

వేళ్ళు కొంచెం కదిపాడో లేదో, ఇంతసేపు మాట వినని ఆ మొహం ఇట్టే తిరిగింది. కిటికీ వెలుతురు చెంప మీద పడింది. రుమాలు ఎప్పుడు జారిపోయిందో రెడ్డెప్ప చూసుకోలేదు.

"సరిపోయిందా?" అన్నాడు ఉస్తాద్.

"సరిపోయింది ఉస్తాద్."

"అట్లయితే పోయి ఫోటో తీసుకో."

మెట్టు మీద కెమెరా ఎండలో ఉంది. రెడ్డెప్ప అటు చూడలేదు. వేళ్ళు తీయలేదు.

"ఇంకొంచెం సేపు ఉస్తాద్."

ఉస్తాద్ కదలకుండా కూర్చున్నాడు.