ఏడో సంగతి

ఒకానొక రాజ్యంలో, కుంభగిరి అనుకోండి, రాజసభకు ఏటా నాలుగు నెలలు సెలవు. ఆషాఢంలో వానలు ముదరగానే సభ మూసేవారు. మళ్ళీ తెరవడం కార్తీకంలోనే. మూసేరోజు మహామంత్రి నరహరి ఓ వరసపత్రం చదివేవాడు. సంగతులన్నీ ఆ వరసలోనే తేలాలి. సాయంత్రం నగారా మోగిందా, మిగిలినవి కార్తీకం దాకా ఆగాల్సిందే.

ఆ ఏడు మూసేరోజు పొద్దున్నే, జిల్లేళ్ళపాడు రైతు చినమల్లు సభామండపం మెట్ల దగ్గర విదూషకుడు వల్లభయ్యను పట్టుకున్నాడు.

"అయ్యా, మా చెరువు కట్టకు బీట పడింది. రెండేళ్ళుగా మా సంగతి చిట్టచివర రాస్తున్నారు. అక్కడికొచ్చేసరికి నగారా మోగుతోంది. ఈ వానలకు కట్ట తెగితే మూడూళ్ళు కొట్టుకుపోతాయి బాబూ!"

వల్లభయ్య తొణకలేదు. "నగారా మోగేలోపు నీ కట్ట మరమ్మతుకు రాజముద్ర పడుతుంది. పోయి వెనకాల కూర్చో," అన్నాడు. అంత ధీమా ఎక్కడిదంటారా? ఆయనకు రాజుగారి సంగతి తెలుసు. మంత్రిగారి సంగతి ఇంకా బాగా తెలుసు.

రణధీరవర్మ మహారాజుకు బిరుదుల పిచ్చి. భటుడు ఆయన బిరుదులన్నీ చదివేసరికి, వచ్చినవాడు వచ్చిన పనే మరిచిపోయేవాడు.

నరహరి పత్రం విప్పాడు. మొదటిది, ప్రభువులకు కొత్త బిరుదు. దానిమీద తొమ్మిదిమంది పండితుల ప్రసంగాలు. ఏడోది, ఆఖరుది, జిల్లేళ్ళపాడు చెరువు కట్ట.

వల్లభయ్య లేచాడు. "మంత్రివర్యా, మూడూళ్ళ ప్రాణాలు కాసే కట్టను అడుక్కి తోసేశారేం?"

నరహరి మీసం సవరించుకున్నాడు. "నీకు సభామర్యాద తెలియదోయ్! ఊరేగింపులో ముందు డప్పులు, ఆ వెనక బంట్లు, చివర ఏనుగు మీద ప్రభువు. పెద్దది ఎప్పుడూ చివరే వస్తుంది. కట్ట పెద్ద సంగతి గనకే చివర పెట్టాం."

సభంతా భేష్ అంది. చినమల్లు మొహం వాడిపోయింది. వల్లభయ్య మాత్రం చేతులు జోడించాడు.

"ఇప్పటికి తెలిసింది స్వామీ! అయితే మొదట పెట్టిన మహారాజుగారి బిరుదు డప్పులన్నమాట."

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"నరహరీ! మా బిరుదు డప్పులా?"

మంత్రి అవునంటే తల పోతుంది, కాదంటే మాట పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"తక్షణం మా బిరుదును చివరికి మార్చు! ఆ కట్టను మొదటికి తే!" అని గర్జించాడు రాజు.

చినమల్లు చెప్పుకున్నాడు, రాజు విన్నాడు, ముద్ర పడింది. మిగతా ఐదూ ఒక్కొక్కటే తేలాయి. బిరుదు వంతు వచ్చి, మొదటి పండితుడు గొంతు సవరించుకున్నాడో లేదో, నగారా మోగింది.

రాజుకు అప్పుడు వెలిగింది. "ఓరి వల్లభయ్యా! నా బిరుదు కాస్తా కార్తీకానికి పోయిందే!"

"పోలేదు ప్రభూ. కట్ట నిలిస్తే ఆ మూడూళ్ళవాళ్ళే ఏలినవారికో బిరుదు ఇస్తారు. ఈ తొమ్మిదిమందికీ తట్టనిది."

"ఏమిటది?"

"మా రాజు, అంటారు."

రాజు సింహాసనం అదిరేటట్టు నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి వల్లభయ్య మెడలో వేశాడు.

చినమల్లు అదేదీ చూడలేదు. ముద్రపత్రం రొంటిన దోపుకుని అప్పటికే ఊరి దారి పట్టాడు.