ఏడు జానల నాగమ్మ

అనగనగా కొండవాలున ఒక ఊళ్ళో నూకాలని ఓ పిల్ల ఉండేదమ్మా. దానికి లెక్కలంటే ప్రాణం. పెరట్లో కోళ్ళు లెక్కపెట్టేది. కోళ్ళయిపోతే ఈకలు లెక్కపెట్టేది.

తొలకరి పడ్డ మర్నాడు వాళ్ళ నాన్న గైరయ్య పసుపు వేద్దామని మడి తవ్వుతున్నాడు. అప్పుడు కాళ్ళ కింద నేల 'బుడబుడ బుడబుడ' అంది. గట్టు మీదున్న నూకాలు దిగొచ్చి నేలకి చెవి ఆనించింది. నేలకి కడుపునొప్పా ఏమిటి!

ఆ తర్వాత మట్టిపెళ్ళ విరిగింది. అందులోంచి బొటనవేలంత లావుగా, నిగనిగలాడుతూ ఒకటి బయటికొచ్చింది. వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తూనే ఉంది!

"బాబోయ్, పాము!" గైరయ్య ఒక్క గెంతున గట్టెక్కేశాడు.

"పామేంట్రా, నాగమ్మ తల్లి!" అని మేనత్త పైడమ్మ చెంపలేసుకుంది. పరుగున ఇంటికెళ్ళి పాలు తెచ్చింది, పసుపు తెచ్చింది, కుంకుమ తెచ్చింది.

అప్పటికే నూకాలు పక్కన కూర్చుని కొలిచేసింది. ఏడు జానలు! కళ్ళ కోసం వెతికింది, లేవు. నాలుక కోసం వెతికింది, లేదు. పొలుసులూ లేవు. ఒళ్ళంతా ఉంగరాలే! వంద లెక్కపెట్టినా సగం కాలేదు.

"అత్తా, ఇది వానపామే!"

"ఏడు జానల వానపామా? నీ లెక్కలు తగలెయ్య! అలాగంటే కళ్ళు పోతాయే గుంటా!"

"దానికే కళ్ళు లేవత్తా, నావెందుకు పోతాయి?"

పైడమ్మ వినలేదు. పాలు పోసి, గుప్పెడు పసుపు చల్లింది. అది గిలగిల కొట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా కొట్టుకుంది. ఆ తర్వాత కదల్లేదు.

నూకాలుకి చప్పున గుర్తొచ్చింది. వానపాముకి ముక్కుండదని, తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుందని బళ్ళో టీచరమ్మ చెప్పింది కదా!

"అయ్యో అత్తా! దండం పెట్టి మరీ ఊపిరి తీసేస్తున్నావ్!"

పైడమ్మ చేతిలో కుంకుమ జారిపోయింది.

నూకాలు వాగుకి పరుగెత్తి బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది. కదల్లేదు. రెండో బిందె పోసింది. ఊహూఁ. మూడో బిందెకి పసుపంతా కొట్టుకుపోయింది. అప్పుడు ఒక్క ఉంగరం కదిలింది. ఆ తర్వాత పది. ఆ తర్వాత నూకాలుకే లెక్క తప్పింది! బుడబుడమంటూ ఏడు జానలూ మట్టిలోకి దిగిపోయాయి.

"మరి నా పాలో?" అంది పైడమ్మ, తెరిచిన నోరు మూయకుండా.

"పాముకి పాలు పొయ్యత్తా. వానపాముకి వాన పొయ్యాలి."

కథ కంచికి, వానపాము మట్టికి, నా బంగారుతల్లి నిద్రకి!