రాతిబొమ్మ కళ్ళకు గంతలు

కాళహస్తాచారిగారికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలో పని ఆపి, అడిగినవాడి ముఖం ఒకసారి చూసి, "ఉండు" అంటారు. ఆ ఉండడం ఒక పూట కావచ్చు, ఒక ఏడాది కావచ్చు. ఆళ్ళగడ్డలో ఆయన దగ్గర ఉలి పట్టినవాళ్ళందరూ దానికి అలవాటుపడ్డవాళ్ళే. నాగలింగం మాత్రం, ఆ పరాయి దేశంలో, ఆ రేకుల షెడ్డులో, ఇక ఉండలేక ఏడ్చినంత పని చేశాడు.

వాళ్ళు అక్కడికి వెళ్ళింది ఒక స్మారకం చెక్కడానికి. ఆ రేవు పట్టణంలో, వెనకటి యుద్ధంలో, సైనికులు ఆడపిల్లల్ని పట్టుకుపోయి ఒక బడిలో పెట్టారు. తిరిగొచ్చినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళు ముసలివాళ్ళయ్యాక, మా గుర్తు ఒకటి నడివీధిలో అందరికీ కనబడాలి అని సంఘం పెట్టుకున్నారు. గురువుగారి నల్లరాతి పని ఎక్కడో చూసి కబురుపెట్టారు. ఆర్నెల్లకి రాతిపిల్ల తయారైంది: బెంచీ మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తల ఎత్తి చూస్తున్నట్టు. మిగిలింది కళ్ళే. శిల్పుల ఇళ్ళలో కన్ను ఆఖరున తెరుస్తారు. అందాకా పసుపుగుడ్డ కట్టి ఉంచుతారు. అది దేవతా విగ్రహాలకి చెప్పిన పద్ధతి, ఈ పిల్ల దేవత కాదు కదా అంటే, ఏం చేస్తాం, చేతి అలవాటు. నాగలింగం కట్టేశాడు. నిజం చెప్పాలంటే కాస్త గట్టిగానే కట్టాడు. ఆ ముఖం ఎదట నిలబడాలంటే వాడికి ఒణుకు.

ఎందుకు ఒణకడు? ఆ పాత సంగతి పైకి రాకూడదని, ఆ బొమ్మ ఊళ్ళో నిలబడకూడదని పంతం పట్టినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. మొదట షెడ్డు గోడ మీద బూతు రాతలు వచ్చాయి. తర్వాత కిటికీ పగిలింది. ఆ సోమవారం తలుపు కింది సందులోంచి ఒక కవరు లోపలికొచ్చింది. అందులో ఒకే ఒక ఫొటో: రొట్టెల పొట్లం చంకన పెట్టుకుని నాగలింగం వీధిలో నడిచిపోతున్నాడు. రాత ఏమీ లేదు. తీసినవాడు ఎంత దగ్గరగా నిలబడి తీశాడో చూసి, వాడు లేచి తలుపుకి గొళ్ళెం పెట్టాడు. ఇంటి దగ్గర భార్య ప్రసవించి నాలుగు నెలలైంది. కూతుర్ని వాడింకా ఎత్తుకోనే లేదు.

మర్నాడు మునిసిపాలిటీ అధికారి వచ్చాడు. మంచివాడే పాపం. చెమటలు తుడుచుకుంటూ, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక ఉపాయం చెప్పాడు: కళ్ళు మూసుకున్నట్టు చెక్కండి, నిద్రపోతున్నట్టు ప్రశాంతంగా ఉంటుంది, గొడవచేసేవాళ్ళూ ఊరుకుంటారు. అతను గడప దాటగానే నాగలింగం గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"గురువుగారూ, కళ్ళు మూసి చెక్కితే ఆ పిల్లకి పోయేదేముంది? తెరిస్తే మన ప్రాణాలు పోతాయి. నాకు భయంగా ఉంది. మీరే చెప్పండి, ఆ పిల్లకి పోయేదేముంది?"

"ఉండు" అన్నారు గురువుగారు. "రేపు పొద్దున సంఘం పెద్దావిడ చూడ్డానికి వస్తోంది. రానీ."

పెద్దావిడ పేరు ఇలీనా. ఎనభై దాటిన మనిషి. ఆ బడిలోంచి తిరిగొచ్చినవాళ్ళలో ఒకర్తె. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది రేచలమ్మ. అక్కడి వృద్ధాశ్రమంలో నర్సు, మన ఒంగోలు మనిషే, అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది ఆవిడే. ఇలీనా తలకి కొత్త రుమాలు కట్టుకుని, పెళ్ళికి వచ్చినదానిలా నవ్వుతూ లోపల అడుగుపెట్టింది. బొమ్మని చూసింది. కళ్ళకు కట్టిన గుడ్డని చూసింది.

చేతికర్ర జారి నేలమీద పడింది. వెనక్కి వెనక్కి నడిచి, గోడ తగిలి, అలాగే కిందికి జారి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని ముడుచుకుపోయింది. ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ, చిన్నపిల్ల గొంతుతో.

"అయ్యో, ఏమైంది? ఏమంటోంది?" అని నాగలింగం అరిచాడు.

రేచలమ్మ కిందికి వంగి ఆవిణ్ణి పట్టుకుంది. "'నేనేం చూడలేదు, నేనేం చూడలేదు' అంటోంది. ఆ బడిలో వీళ్ళ కళ్ళకి ఇలాగే గుడ్డలు కట్టారట. చూశానన్న పిల్ల మళ్ళీ కనబడలేదట. ఈవిడ చూడలేదని చెప్పి బతికింది. ఎందుకు కట్టారయ్యా ఆ గుడ్డ? మీకేం పోయేకాలం?"

 బతకాలంటే ఆ పిల్ల ఏమీ చూడనట్టుండాలనే కదా నిన్న తానూ అన్నది అని తట్టి నాగలింగానికి సిగ్గేసింది, భయం మాత్రం పోలేదు. పరుగున వెళ్ళి ముడి లాగాడు. బిగిసిన ముడి ఓ పట్టాన రాలేదు. చివరికి పళ్ళతో కొరికి విప్పి, గుడ్డ దూరంగా విసిరేశాడు.

చాలాసేపటికి ముసలావిడ ఊపిరి కుదుటపడింది. రేచలమ్మ భుజం పట్టుకుని లేచింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ బొమ్మ దగ్గరికి వచ్చి, ఒణికే బొటనవేళ్ళతో దాని ముఖం తడిమింది. నుదురు ఉంది, ముక్కు ఉంది. కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి తగిలింది. అక్కడే వేళ్ళు ఆపి, నాగలింగం వైపు తిరిగి ఏదో అడిగింది.

రేచలమ్మ గొంతు తగ్గించి చెప్పింది: "'ఇంకా విప్పలేదేం నాయనా?' అంటోంది."

 బయట ఏదో కారు వచ్చి ఆగిన చప్పుడైతే నాగలింగం ఉలిక్కిపడ్డాడు. అది కాసేపు అక్కడే ఉండి వెళ్ళిపోయింది. వాడు పనిబల్ల దగ్గరికి వెళ్ళి సన్న ఉలి, చిన్న సుత్తి తీసుకుని వచ్చి ఆ పిల్ల ఎదట నిలబడ్డాడు. ఉలి మొన రాతికి ఆనడం లేదు, అటూ ఇటూ జారుతోంది.

"చెయ్యి ఒణుకుతోంది గురువుగారూ."

కాళహస్తాచారిగారు ముసలావిడకి ముక్కాలిపీట జరిపి, వెనక్కి తిరగకుండానే అన్నారు:

"ఒణకనీ. కన్ను మాత్రం లోతుగా తియ్యి."