మసక అద్దాలు

ఒక గోడకు ఇటువైపు ఒక ఆవిడ ఉండేది. అటువైపు ఖాళీ స్థలం ఉండేది.

ఆవిడ పేరు వకుళమ్మ. పెద్ద జబ్బు చేసి, దానికి వాడిన మందులకు జుట్టంతా రాలిపోయింది. మళ్లీ మొలవలేదు. వీధిలోకి వెళితే తలచుట్టూ కొంగు బిగించుకునేది. పొద్దున్నే పెరట్లోకి వచ్చాక మాత్రం కొంగు తీసేసి, బోడితలకు ఎండ తగిలేలా కాసేపు కూర్చునేది. రోజు మొత్తంలో ఆవిడ హాయిగా ఊపిరి తీసుకునేది అప్పుడే.

ఖాళీ స్థలంలో ముసలివాళ్ల కోసం గదులు కట్టిస్తానని ఒకాయన వచ్చాడు. ప్లాను చూపించాడు. ఒకటే అంతస్తు, గోడ దాటి ఏమీ కనబడదు. వకుళమ్మ సరేనంది. పునాదులు పడ్డాక ప్లాను మారింది. పైన ఇంకో అంతస్తు వచ్చింది. దానికి ఆరు కిటికీలు. ఆరూ ఆవిడ పెరట్లోకే.

వకుళమ్మ పురపాలక కార్యాలయానికి వెళ్లి అభ్యంతరం రాసిచ్చింది. పని ఆగింది. అధికారి ఆవిడనూ కట్టించేవాణ్నీ ఆ మేడమీదికే రమ్మన్నాడు. కట్టించేవాడు తనతో ఒక ముసలాయన్ని తీసుకొచ్చాడు. ఆ గదుల్లో ఒకటి ఆయనది కాబోతోంది.

"కిటికీలు తీసేయించండి," అంది వకుళమ్మ.

"తీసేస్తే ఇది గది కాదమ్మా, సామాన్ల కొట్టు," అన్నాడు కట్టించేవాడు.

అధికారి కిందికి చూశాడు. "ఈ పెరట్లో అంత దాచుకోవాల్సింది ఏముందమ్మా?"

ఆవిడ తలచుట్టూ ఉన్న కొంగును ఇంకాస్త బిగించుకుంది. నిజం చెప్పాలంటే కొంగు తీయాలి. ఇంతమంది ముందు కొంగు తీశాక ఇంక ఆ పెరటితో పనేముంది?

ముసలాయన మెల్లగా కల్పించుకున్నాడు. "చెబితే ఇంక అది దాచుకున్నట్టు ఎలా అవుతుంది బాబూ? ఆమెను అడగొద్దు." తర్వాత వకుళమ్మ వైపు తిరిగాడు. "మీ పెరడు నాకెందుకమ్మా? మంచంలోంచి లేవకుండానే తెల్లారిందని తెలిస్తే చాలు."

వకుళమ్మ కిటికీలోంచి తన పెరటివైపు చూసింది. "వెలుతురు రానివ్వండి బాబాయిగారూ. చూపు రాకపోతే నాకంతే చాలు."

అధికారి ఆ మాటే కాగితం మీద పెట్టాడు. మనిషి ఎత్తు వరకు తెరుచుకోని మసక అద్దాలు, ఆపైన గాలికి చిన్న రెక్కలు. వకుళమ్మా కట్టించేవాడూ సంతకాలు చేశారు.

కొన్నాళ్లకు గదుల్లోకి మనుషులు వచ్చారు. ఆ మర్నాడు పొద్దున వకుళమ్మ పెరట్లో నిలబడి పైకి చూసింది. పాలు పులిమినట్టున్న ఆరు అద్దాలు. కొంగు తీసింది. ఎండ మునుపటిలాగే వెచ్చగా ఉంది.

ఒకనాటి సాయంత్రం, దీపాలు వెలిగించే వేళ, ఆరిన బట్టలు తీయడానికి వచ్చింది. పైన గదిలో లైటు వేశారు. అద్దం మీద ఒక నీడ పడింది. వంగిన వీపును బట్టి అది ముసలాయనే అని పోల్చుకుంది. చొక్కా తొడుక్కుంటున్నాడు. రెండో చెయ్యి గాల్లో తడుముకుంటోంది, చొక్కా చెయ్యి దొరకడం లేదు. ఆగాడు. మళ్లీ తడుముకున్నాడు.

బట్టలు భుజాన వేసుకుని ఆవిడ అలాగే చూస్తూ ఉండిపోయింది. ఉన్నట్టుండి తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పనివాణ్ని పిలిపించి, బట్టల తీగ ఇంటి ముందువైపు కట్టమంది.

"ఎండ ఇక్కడే బాగుంది కదమ్మా?" అన్నాడతను.

"పొద్దు వాలాక నేనిటు రాను," అంది వకుళమ్మ. "వాళ్లకూ ఒక పెరడుండాలిగా."

అతను మునివేళ్ల మీద లేచి గోడ అవతలికి చూశాడు. అక్కడ పెరడేమీ లేదు.