అసిరయ్య కాళ్ళు ఆరేదాకా

అనగనగా ఒక కాలం. ఎన్నేళ్ళ కిందటని నన్నడక్కండి. ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపు మా వైపు ఇంకా రాలేదు, బుగ్గలు పూరించి నోటితోనే ఊదేవాళ్ళు. అంత పాత కాలమని మాత్రం చెప్పగలను.

ఆ కాలంలో సముద్రపు ఒడ్డున గవ్వలపేట అని ఒక ఊరు. ఊళ్ళో అందరిదీ ఉప్పు పనే. వాళ్ళలో ఒకడు అసిరయ్య. పొలం లేదు, పడవ లేదు, తండ్రి లేడు. తల్లి రాముడమ్మ ఉంది, రెండు కాళ్ళున్నాయి. ఆ కాళ్ళతో బంతిని తన్నాడంటే, గోలు కాయడానికి నిలబడ్డవాడు ముందు తన తల కాచుకునేవాడు.

అంత ఆటగాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. అంత కోపిష్టీ పుట్టలేదు. కూరలో కారం ఎక్కువైతే కోపం, తక్కువైతే కోపం, సరిపోతే ఇన్నాళ్ళూ ఎందుకు సరిపోలేదని కోపం.

ఒక్క ఉప్పుమడిలో మాత్రం అతని కోపం ఎవరికీ కనపడేది కాదు. దానికో కారణం ఉంది, వినండి. ఉప్పుమడి అంటే ఉత్త నేల కాదు. నెల రోజులు కాళ్ళతో తొక్కి తొక్కి నేలను గట్టి చేస్తారు. దాని మీద సముద్రపు నీళ్ళు పెడతారు. నీళ్ళు ఎండి తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. కోపంగా ఉన్నవాడు ఆ మడిలో దిగితే అడుగు గట్టిగా పడుతుంది, మడమ నేలను పగలగొడుతుంది, కింది నల్ల బురద పైకొస్తుంది. ఇక ఆ మడిలో ఉప్పు ఆ ఏడాదికి నల్లబడినట్టే. అందుకని గవ్వలపేటలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కోపం వచ్చినవాడు కాలవలో కాళ్ళు కడుక్కోవాలి. అవి ఆరేదాకా గట్టు మీద నిలబడాలి. ఆనక దిగాలి.

కాళ్ళు కడుక్కో, ఆరేదాకా నిలబడు, ఆనక దిగు.

అసిరయ్య రోజుకు పదిసార్లు కాళ్ళు కడుక్కునేవాడు. అతను పని చేసిన మళ్ళలో ఏడేళ్ళపాటు ఒక్క నల్ల ఉప్పుగల్లు కూడా పడలేదు.

ఉప్పుకు కొదవలేని ఆ ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఇసుకదిబ్బ అడుగున తియ్యటి నీళ్ళున్నాయని అందరికీ తెలుసు గానీ, ఎంత తవ్వితే అంత ఇసుకా కూలి పూడిపోయేది. అక్కడ నుయ్యి నిలబడాలంటే రాతికట్టు కావాలి. ఉప్పు పనివాళ్ళకు అంత రాయి ఎక్కడినుంచి వస్తుంది? అందుకని ఆడవాళ్ళు మూడు కోసులు నడిచి కోటపేట నూతికి వెళ్ళేవాళ్ళు. అక్కడి ఆడవాళ్ళందరూ తోడుకున్నాక, చివర్న వీళ్ళు తోడుకోవాలి. నీళ్ళు నెత్తిన పెట్టుకుని మళ్ళీ మూడు కోసులు నడవాలి.

కోటపేటలో రాజావారు ఉండేవారు. ఆయనకు బంతాటంటే పిచ్చి. ఏటా ఏరువాక పున్నమి ముందు కోట మైదానంలో గవ్వలపేటకూ కోటపేటకూ ఆట పెట్టించేవారు. "గెలిచిన ఊరు ఏది అడిగితే అది ఇస్తాను" అనేవారు. అన్నమాట తప్పేవారు కాదు. గవ్వలపేట గెలిస్తే అడగాల్సింది ఒక్కటే, రాతికట్టు నుయ్యి.

మొదటి ఏడు అసిరయ్య ఆట మొదలవగానే గోలు కొట్టాడు. కోటపేట గోలు కాసేవాడు గున్నయ్య. అతనికి అసిరయ్య ఆట తెలుసు, కోపమూ తెలుసు. పక్కనుంచి వెళ్తూ, "మా నూతికాడ మీ యమ్మ మొహం సూడలేక సత్తన్నాం" అన్నాడు. అసిరయ్య చెంప పగలగొట్టాడు. ఈల వేసే కామేశం పంతులుగారు అతన్ని బయటికి పంపారు. మిగిలిన పదిమందీ ఓడిపోయారు. కోటపేటవాళ్ళు రాజావారిని ఒక పెద్ద నగారా అడిగి పుచ్చుకున్నారు.

"ఏటయ్యింది?" అంది ఇంటికొచ్చిన కొడుకుతో రాముడమ్మ.

"ఓడిపోనాం. ఆడు నిన్నన్నాడు. నాను కొట్టినాను."

రాముడమ్మ విని లేచింది. కడవ నెత్తినెత్తుకుంది. మూడు కోసులు నడిచింది.

రెండో ఏడు ఎదుటివాళ్ళ మీద చెయ్యి ఎత్తనని అసిరయ్య ఒట్టు పెట్టుకున్నాడు. ఎత్తలేదు కూడా. కానీ సొంత బావ సూరన్న అందించాల్సిన బంతి అందించలేదు. మైదానం నడిమధ్య ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అసిరయ్య అలిగి బయటికొచ్చి, వీపు తిప్పుకుని కూర్చున్నాడు. కోటపేటవాళ్ళు ఆ ఏడు నగారా వాయించడానికి వెండి పుల్లలు పుచ్చుకున్నారు.

"ఏటయ్యింది?"

"ఓడిపోనాం. బావ బంతి ఇవ్వనేదు. నాను బయటికొచ్చేసినాను."

కడవ నెత్తినెత్తుకుంది. మూడు కోసులు నడిచింది.

మూడో ఏడు ఎదుటివాళ్ళనూ ఏమీ అనను, మనవాళ్ళనూ ఏమీ అనను అని ఒట్టు పెట్టుకున్నాడు. చక్కగా ఆడాడు. చక్కటి గోలు కొట్టాడు. పంతులుగారు అది చెల్లదన్నారు. అసిరయ్య ఏ మనిషినీ ముట్టుకోలేదు, పల్లెత్తు మాట అనలేదు. బంతిని మాత్రం తన్నాడు. అది వెళ్ళి కోటగోడకు తగిలి ఢామ్మని పగిలింది. రెండు ఊళ్ళకూ కలిపి ఉన్నది ఆ ఒక్క బంతే. బంతి పగలగొట్టినవాళ్ళు ఓడినట్టేనని పంతులుగారు తీర్పు చెప్పారు. కోటపేటవాళ్ళకు అడగడానికి ఇంకేమీ తోచక నగారా మీదికి గొడుగు పుచ్చుకున్నారు.

"ఏటయ్యింది?"

"ఓడిపోనాం. నాను ఎవల్నీ ముట్టుకోనేదు. బంతిని తన్నినాను. పగిలిపోనాది."

కడవ నెత్తినెత్తుకుంది. మూడు కోసులు నడిచింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు కూలబడిపోయింది. అప్పటికే ఆమెకు మోకాళ్ళు వంగడం లేదు. అసిరయ్య అది చూశాడు. చూసి ఏడ్చాడు. ఏడ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

నాలుగో ఏడు ఆటకు ముందు అసిరయ్య ఒట్టు పెట్టుకోబోయాడు. రాముడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒట్లు సాల్లేరా. నీకు కోపం రాకూడదని నాను సెప్పను. సెప్తే మాత్రం ఆగుతాదేటి? ఉప్పుమడిలోనూ నీకు కోపం వస్తాది కదా?"

"వస్తాది."

"ఏడేళ్ళలో ఒక్క మడైనా నల్లబడిందా?"

"నేదు."

"మరి ఆటెందుకు నల్లబడతాదిరా?"

ఆ ప్రశ్నకు కూడా అసిరయ్యకు కాస్త కోపం వచ్చింది.

ఆ రోజు రాముడమ్మ పొద్దున్నే కోటపేట వెళ్ళి, నూతి దగ్గర అందరి వెనకా నిలబడి, కడవ నింపుకుని మైదానం గట్టు మీద కూర్చుంది. ఇంటికి ఆ పూటకు ఉన్న నీళ్ళు అవే.

రాజావారు తెప్పించిన కొత్త బంతితో ఆట హోరాహోరీగా సాగింది. వాళ్ళదొక గోలు, వీళ్ళదొక గోలు. పొద్దు వాలుతుండగా అసిరయ్య బంతి తీసుకుని గోలు ముందుకు దూసుకెళ్ళాడు. ఎవరో కాలు అడ్డం పెట్టి పడగొట్టారు. పంతులుగారు ఈల వేసి పెనాల్టీ ఇచ్చారు. గోలుకు గున్నయ్య, బంతికి అసిరయ్య. మధ్యలో ఎవరూ లేరు.

గున్నయ్య బంతి దగ్గరకు వచ్చి అందరికీ వినపడేట్టు అన్నాడు. "ఏరా, మీ యమ్మ మా నూతికాడ కడవట్టుకుని నిలబడతాది కదా. నువ్వూ అలాగే నిలబడు. మా దయ కలిగినప్పుడు గోలు ఇస్తాం."

గట్టు మీదున్న గవ్వలపేట ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. అసిరయ్య కళ్ళు చింతనిప్పులయ్యాయి. పిడికిలి బిగిసింది. సూరన్న కళ్ళు మూసుకున్నాడు. నుయ్యి ఈ ఏడూ పోయిందని ఊరంతా అనుకుంది.

అసిరయ్య కదిలాడు. గున్నయ్య మీదికి కాదు. నేరుగా తల్లి దగ్గరకు వెళ్ళాడు.

"అమ్మా, నీళ్ళు."

"తాగడానికా?"

"కాళ్ళకి."

మూడు కోసులు మోసుకెళ్ళాల్సిన నీళ్ళు అవి. రాముడమ్మ ఒక్క క్షణం కొడుకు మొహంలోకి చూసింది. కడవ ఎత్తి మొత్తం అతని కాళ్ళ మీద పోసేసింది. ఒక్క చుక్క దాచలేదు. అసిరయ్య వెళ్ళి బంతి పక్కన నిలబడ్డాడు.

"ఏమయ్యా, తన్నవేం?" అన్నారు పంతులుగారు.

"కాళ్ళు ఆరనేదండి."

పంతులుగారు జేబులోంచి ఆట పుస్తకం తీసి తిరగేశారు. కాళ్ళు ఆరేదాకా నిలబడకూడదని అందులో ఎక్కడా రాయలేదు. ఈల నోట్లోంచి తీసేశారు.

గున్నయ్య తిట్టాడు. అసిరయ్య నిలబడ్డాడు. గున్నయ్య ఇంకా పెద్దగా తిట్టాడు. అసిరయ్య నిలబడ్డాడు. మూడోసారి తిట్టడానికి గున్నయ్యకు తిట్లు అయిపోయాయి. ఇప్పుడు కోపం అతనికొచ్చింది, కాళ్ళు నేలకేసి బాదుకుంటూ గంతులేశాడు. ఈలోగా అసిరయ్య కుడికాలు ఆరింది, ఎడమకాలు ఆరింది. వేళ్ళ సందులు కూడా ఆరాయి.

అప్పుడు కదిలాడు. ఆ పరుగు చూసి, పిడుగు పడబోతోందని గున్నయ్య రెండు చేతులతో తల కప్పుకున్నాడు. అసిరయ్య మాత్రం ఉప్పు పోగుచేసే పారను తోసినంత మెల్లగా బంతిని తోశాడు. అది దొర్లుకుంటూ, దొర్లుకుంటూ గున్నయ్య కాళ్ళ పక్కనుంచి గోలులోకి వెళ్ళింది.

గవ్వలపేట గెలిచింది, నుయ్యి అడిగింది. రాజావారు మాట నిలబెట్టుకున్నారు. ఇసుకదిబ్బ మీద రాతికట్టుతో నుయ్యి లేచింది. మొదటి కడవ రాముడమ్మ తోడింది. అసిరయ్య ఆ కడవ అందుకుని, ఇన్నేళ్ళూ నడిచిన తల్లి కాళ్ళ మీద పోశాడు. ఆ కాళ్ళు ఆరేదాకా ఊరు ఊరంతా నిలబడింది. ఆనకే నీళ్ళు తాగారు.

అసిరయ్య అప్పటినుంచి శాంతమూర్తి అయిపోయాడని చెబితే నేను అబద్ధాలకోరునవుతాను. నుయ్యి కట్టినవాళ్ళతోనే మూడుసార్లు తగాదా పడ్డాడు. మూడుసార్లూ కాళ్ళు కడుక్కున్నాడు. ఇంకా చాలా ఏళ్ళు ఆడాడు, చాలా గోల్స్ కొట్టాడు, ముసలివాడయ్యాడు. ఒక వేసవిలో ఎవరో గట్టు తెంపారని కేకలేసి, కాలవలో కాళ్ళు కడుక్కుని, ఆరబెట్టుకోవడానికి గట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

జనం చేరేసరికి ఆయన కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఎత్తడానికి ఎవరూ వంగలేదు. పిల్లా పెద్దా అందరూ చుట్టూ నిలబడ్డారు. కుడికాలు ఆరింది, ఎడమకాలు ఆరింది. ఆనక ఎత్తుకున్నారు.

ఆ నూతిని ఇప్పటికీ అసిరయ్య నుయ్యి అనే అంటారు. గవ్వలపేట మైదానంలో పెనాల్టీ వస్తే గట్టు మీదినుంచి ఎవరో ఒకావిడ కడవతో దిగుతుంది. తన్నేవాడి కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంది. పై ఊరివాళ్ళు బూట్లేసుకొచ్చినా సరే, విప్పాల్సిందే. అవి ఆరేదాకా రిఫరీ ఈల వెయ్యడు, ఎదుటివాళ్ళు నోరెత్తరు. ఆ ఊళ్ళో ఎవరికైనా కోపమొచ్చి మీదికి లేస్తే, "కాళ్ళు ఆరాయా?" అని అడుగుతారు. మా ఆవిడది ఆ ఊరే. నన్ను రోజూ అడుగుతుంది.